ఓడితే ఎవరికి నొప్పి? అథ్లెటిక్స్‌కి జనం ఎక్కడ వస్తున్నారు, ఎక్కడ రావట్లేదు

2025 మార్చి చివరి వారంలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని నేషనల్ స్టేడియంలో ఇసకేస్తే రాలనంత జనం. పరిగెత్తేది మాత్రం బడి పిల్లలు. అక్కడివాళ్లు 'చాంప్స్' అని పిలుచుకునే హైస్కూల్ అథ్లెటిక్స్ పోటీలవి, 1910 నుంచి జరుగుతున్నాయి. కింగ్‌స్టన్ కాలేజ్, కలబార్, జమైకా కాలేజ్ అంటూ ఎవరి బడి రంగులు వాళ్లవి, చదువు అయిపోయి ఎన్నేళ్లయినా వచ్చి గొంతు చించుకునేవాళ్లు బోలెడంత మంది. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 4న, అదే స్టేడియంలో అదే ట్రాక్ మీద ఒలింపిక్ ఛాంపియన్లు దిగారు. అమెరికా మాజీ స్ప్రింటర్ మైకేల్ జాన్సన్ పెట్టిన కొత్త లీగ్, గ్రాండ్ స్లామ్ ట్రాక్, తొలి మీట్ అది. ఒక్కో విభాగంలో గెలిచినవాళ్లకి లక్ష డాలర్లు. గ్యాలరీలు చూస్తే చాలావరకు ఖాళీ.

టికెట్ ధరలు, వారం కిందటే చాంప్స్ చూసి అలిసిపోయిన జనం, ప్రచారం సరిపోకపోవడం, ఇవన్నీ కారణాలే, కాదనను. కానీ అథ్లెటిక్స్ ఎందుకు అమ్ముడుపోవట్లేదు అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబులు, అంటే బోల్ట్ తర్వాత స్టార్ లేడు, ఈ తరానికి ఓపిక లేదు, ఈవెంట్లు మరీ ఎక్కువ, ఇవేవీ కింగ్‌స్టన్‌లో పనిచేయవు. అదే ఆట, అదే ఊరు, రెండోసారి దిగినవాళ్లు మొదటివాళ్లకన్నా ఎన్నో రెట్లు మెరుగు. తేడా ఒక్కటే. చాంప్స్‌లో ఓ పదహారేళ్ల కుర్రాడు రిలే బ్యాటన్ జారవిడిస్తే గ్యాలరీలో వేలమందికి ప్రాణం ఉసూరుమంటుంది, రేపు పక్క బడివాడు ఎగతాళి చేస్తాడు, ఆ మాట ఏడాదంతా మోయాలి. గ్రాండ్ స్లామ్‌లో ఒలింపిక్ ఛాంపియన్ నాలుగో స్థానంలో వస్తే ఎవరికి నొప్పి? ఆయనకి కొంత డబ్బు తగ్గుతుంది, అంతే.

నా వాదనంతా ఈ ఒక్క ముక్కే. ఓటమి గ్యాలరీలో కూర్చున్నవాడికి తగలాలి. అది తగిలే చోట అథ్లెటిక్స్ ఇప్పటికీ బాగానే నడుస్తోంది, తగలని చోట ఎంత డబ్బు పోసినా నిలబడట్లేదు.

ఒలింపిక్ జట్టుని ఎంపిక చేసే అమెరికా ట్రయల్స్ చూడండి. పేరు ఎంత పెద్దదైనా మొదటి ముగ్గురిలో ఉండాలి, నాలుగోవాడికి ఇంటికే దారి (అర్హత సమయం ఉండాలి లాంటి షరతులున్నాయి, వాటిని పక్కన పెడదాం). టోక్యో ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచిన అథింగ్ మూ 2024 ట్రయల్స్ ఫైనల్లో మొదటి 200 మీటర్లలోనే కిందపడింది, అప్పీలు కొట్టేశారు, పారిస్‌కి ఆ ఈవెంట్‌లో డిఫెండింగ్ ఛాంపియన్ లేకుండానే వెళ్లారు. ఇంకా పాతది ఒకటుంది. 1992లో రీబాక్ కంపెనీ డాన్ ఓబ్రయన్, డేవ్ జాన్సన్ అనే ఇద్దరు డెకాథ్లాన్ (పది ఈవెంట్లు కలిపిన పోటీ) ఆటగాళ్ల మీద కోట్ల డాలర్ల ప్రకటనలు నడిపింది: 'డానా, డేవా, బార్సిలోనాలో తేలిపోతుంది' అని. అప్పటిదాకా డెకాథ్లాన్ అంటే తెలియని ఇళ్లలో కూడా ఆ పేర్లు మోగాయి. తీరా ట్రయల్స్‌లో పోల్‌వాల్ట్ దగ్గర ఓబ్రయన్ మూడు ప్రయత్నాలూ తప్పాడు, సున్నా మార్కులు, జట్టులోకే రాలేదు. కంపెనీవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. కానీ ముప్పై ఏళ్లు దాటినా ఆ ముచ్చట ఇంకా చెప్పుకుంటున్నాం. 1996లో ఓబ్రయన్ స్వర్ణం గెలవడం కన్నా ఆ సున్నానే ఎక్కువమందికి గుర్తు.

ఇప్పుడు మామూలు సీజన్‌కి వద్దాం. 2010లో మొదలైన డైమండ్ లీగ్ ఏటా పద్నాలుగు పదిహేను మీట్లు నడుపుతుంది. గెలిస్తే 8 పాయింట్లు, ఎనిమిదో స్థానానికి 1. 2017 నుంచి ఈ పాయింట్లన్నీ ఫైనల్‌కి అర్హత కోసమే, ఫైనల్ రోజు అందరూ మళ్లీ సున్నా నుంచి. పైగా ప్రతి ఈవెంటూ ప్రతి మీట్‌లో ఉండదు. మీకు ట్రిపుల్ జంప్ ఇష్టమైతే ఏ ఊరిలో ఉందో, ఏ ఛానెల్లో వస్తుందో మీరే వెతుక్కోవాలి, వెతికి చూస్తే మీకు నచ్చిన ఆటగాడు ఆ వారం రాడు. ఎందుకు రాడంటే రావాల్సిన అవసరం లేదు కాబట్టి. మూడు నాలుగు మీట్లలో గట్టిగా ఆడితే అర్హత వచ్చేస్తుంది, మిగతావి శిక్షణకి. ఓ టెన్నిస్ ఆటగాడు వింబుల్డన్ మానేస్తే వార్త అవుతుంది. ఓ స్ప్రింటర్ డైమండ్ లీగ్ మీట్ మానేస్తే అతను మానేశాడన్న సంగతే చాలామందికి తెలియదు.

దీని వెనక డబ్బు లెక్క ఉంది, అసలు చిక్కు అక్కడే. పెద్ద అథ్లెట్ల ఆదాయంలో ఎక్కువ భాగం ప్రైజ్‌మనీ నుంచి రాదు, బూట్ల కంపెనీ ఒప్పందం నుంచి వస్తుంది. ఆ ఒప్పందాలు రహస్యం. వాటిలో ఒలింపిక్ పతకానికి, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి, రికార్డుకి బోనస్‌లు ఉంటాయి, ర్యాంకు పడిపోతే కోతలూ ఉంటాయి. ప్రైజ్‌మనీ చూస్తే, 2025లో డైమండ్ లీగ్ మామూలు మీట్‌లో ఎక్కువ ఈవెంట్లకి విజేతకి దక్కేది 10,000 డాలర్లు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణానికి 70,000. ఒలింపిక్స్‌లో ఎప్పుడూ ఏమీ లేదు, 2024 పారిస్‌లో ఈ ఆటని ప్రపంచస్థాయిలో నడిపే సమాఖ్య వరల్డ్ అథ్లెటిక్స్ మొదటిసారి స్వర్ణానికి 50,000 ఇచ్చింది. ఇప్పుడు మీరే ఆ ఆటగాడి మేనేజర్ అనుకోండి. మే నెలలో ఓ బలమైన ప్రత్యర్థి ఉన్న రేస్‌కి పంపి ఓడిపోతే పరువు తగ్గుతుంది, కండరం పట్టేస్తే ఆగస్టులో ఉండే పెద్ద పోటీ పోతుంది. పంపకపోతే ఏం పోతుంది? దాదాపు ఏమీ పోదు. కాబట్టి పంపరు. ఇందులో పిరికితనం లేదు, తప్పూ లేదు, లెక్క అలా కట్టి పెట్టారు.

అథ్లెట్లు సొంతంగా స్పాన్సర్లని తెచ్చుకుందామన్నా నిబంధనలు అడ్డం. అమెరికా 800 మీటర్ల రన్నర్ నిక్ సిమ్మండ్స్ 2012లో తన భుజం మీద కాస్త చోటుని ఈబేలో వేలం వేశాడు, ఓ కంపెనీ 11,100 డాలర్లకి కొనుక్కుని తాత్కాలిక పచ్చబొట్టు వేయించింది, పెద్ద పోటీల్లో మాత్రం దాన్ని టేపుతో కప్పేయాల్సి వచ్చింది. 2015లో అదే సిమ్మండ్స్, జాతీయ జట్టుతో ఉన్నప్పుడు ఎక్కడెక్కడ నైకీ దుస్తులే వేసుకోవాలో స్పష్టంగా చెప్పమన్నాడు, చెప్పకపోయేసరికి సంతకం పెట్టలేదు, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి తీసుకెళ్లలేదు. నైకీతో అమెరికా సమాఖ్య ఒప్పందం 2040 దాకా ఉంది. ఇలాంటి చోట కొత్త కంపెనీ ఏం చూసుకుని డబ్బు పెడుతుంది?

ఇక గడియారం సంగతి. మామూలు మీట్‌లో 1500 మీటర్ల రేస్ పెట్టారంటే ముందు ఇద్దరు పేసర్లు (వేగం అందించి మధ్యలో తప్పుకునేవాళ్లు), అనుకున్న వేగాన్ని చూపిస్తూ ట్రాక్ అంచున పరిగెత్తే ఆకుపచ్చ లైట్లు, కామెంటేటర్ నోట 'లైట్ కన్నా ముందున్నాడా వెనకున్నాడా' అన్నదే మాట. పక్కనున్న మనుషుల్ని వదిలేసి బల్బులతో పోటీ. ఎందుకంటే పెద్ద పోటీలకి అర్హత సమయం కావాలి, పారిస్‌కి పురుషుల 1500లో అది 3 నిమిషాల 33.50 సెకన్లు, దాని కోసం వేగంగా లాగే రేస్ కావాలి. తమాషా ఏంటంటే 2016 రియో ఒలింపిక్స్‌లో మాథ్యూ సెంట్రోవిట్జ్ స్వర్ణం గెలిచిన సమయం 3:50.00. నత్తనడక, పేసర్లు లేరు, ఎవరూ వేగం పెంచరు, చివరి 400 మీటర్లలో యుద్ధం. ఆ రేస్ చూసినవాళ్లెవరూ సమయం బాగోలేదని కుర్చీలోంచి లేచి వెళ్లలేదు.

అలాగని రికార్డులకి విలువ లేదని కాదు. స్వీడన్ పోల్‌వాల్టర్ మోండో డుప్లాంటిస్ 2020లో 6.17 మీటర్లతో మొదలుపెట్టి 2025 సెప్టెంబర్ టోక్యోలో 6.30 దాకా పద్నాలుగుసార్లు ప్రపంచ రికార్డు బద్దలు కొట్టాడు, ప్రతిసారీ సరిగ్గా ఒక సెంటీమీటరే. డబ్బు కోసం చిల్లరగా అమ్ముతున్నాడని మూతి విరిచేవాళ్లున్నారు, పాతతరం పోల్‌వాల్ట్ దిగ్గజం బుబ్కా కూడా అప్పట్లో ఇదే చేశాడు. నాకైతే అథ్లెటిక్స్‌లో ఇంతకన్నా శుభ్రమైన ప్రదర్శన లేదు. టోక్యోలో మిగతావాళ్ల ఆట ముగిసింది, స్టేడియం మొత్తం ఒక్కడి వైపే చూస్తోంది, ఆఖరి ప్రయత్నం. ఏమీ తెలియనివాడికి కూడా రెండే ముక్కలు: కర్ర పడిందా, పడలేదా. దాటాడు. అంతలా చూపించే ఓపిక మిగతా ఈవెంట్ల మీద ఎవరికుంది? డిస్కస్ విసరడం ఎప్పుడు జరిగిందో తెలియదు, రెండు రేసుల మధ్య రీప్లే వేస్తారు, 68 మీటర్లంటే గొప్పా కాదా, అందువల్ల ఎవరు కిందికి జారారు, ఒక్క ముక్క చెప్పరు.

స్టార్ల మధ్య వైరం ఉంటే చాలు అనేవాళ్లు బ్రిటన్ రన్నర్లు సెబాస్టియన్ కో, స్టీవ్ ఓవెట్‌ల కథ చెబుతారు. 1981 ఆగస్టులో తొమ్మిది రోజుల్లో మైలు రికార్డు వాళ్లిద్దరి మధ్య మూడుసార్లు చేతులు మారింది. కానీ ఆ మూడుసార్లూ వాళ్లు పక్కపక్కన పరిగెత్తలేదు, జ్యూరిక్‌లో ఒకరు, కోబ్లెంజ్‌లో ఇంకొకరు, బ్రస్సెల్స్‌లో మళ్లీ మొదటివాడు. ఆ కో గారే ఇప్పుడు వరల్డ్ అథ్లెటిక్స్ అధ్యక్షుడు, స్టార్లు ఎదురెదురుగా ఎక్కువసార్లు తలపడాలని ఆయనే చెబుతుంటే నవ్వు ఆపుకోవడం కష్టం. ఈ తరంలో 1500 మీటర్ల రన్నర్లు, నార్వే యాకోబ్ ఇంగెబ్రిట్సెన్, బ్రిటన్ జోష్ కెర్ ఏడాదిపాటు ఇంటర్వ్యూల్లో ఒకరినొకరు దెప్పుకున్నారు, కలిసి పరిగెత్తింది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తీరా పారిస్ ఒలింపిక్ ఫైనల్లో పిట్టపోరు పిల్లి తీర్చినట్టు అమెరికా కుర్రాడు కోల్ హాకర్ ఇద్దర్నీ దాటేసి 3:27.65తో ఎగరేసుకుపోయాడు. కెర్ రెండు, ఇంగెబ్రిట్సెన్ నాలుగు. అథ్లెటిక్స్‌కి నిజంగా మంచి సీరియల్ రాయడం వచ్చు, కాకపోతే ఎపిసోడ్లు ఏడాదికి ఒకటే వేస్తుంది.

మైకేల్ జాన్సన్‌కి ఈ జబ్బు బాగా తెలుసు. అందుకే 48 మందితో ఒప్పందాలు రాసుకుని, ప్రతి మీట్‌కీ వచ్చి తీరాలన్నాడు. పేసర్లు లేరు. ఒక్కొక్కరు రెండేసి దూరాలు పరిగెత్తాలి. దీనివల్ల మంచి రేసులే జరిగాయి: కింగ్‌స్టన్‌లో 800 మీటర్ల ఒలింపిక్ ఛాంపియన్ వాన్యోనీ వచ్చి, 1500 మీటర్ల మొనగాళ్లని వాళ్ల సొంత దూరంలోనే ఓడించాడు. ఫీల్డ్ ఈవెంట్లని పూర్తిగా తీసేశాడు, దాని మీద గొడవ జరిగింది. అమెరికా స్ప్రింట్ స్టార్లు నోవా లైల్స్, షాకారీ రిచర్డ్‌సన్ రాలేదు. మయామీ, ఫిలడెల్ఫియా అయ్యాక లాస్ ఏంజెలెస్ మీట్ రద్దు చేశారు, అథ్లెట్లకి ఇవ్వాల్సిన డబ్బు నెలల తరబడి ఆగిపోయింది, 2025 డిసెంబర్‌లో దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్లారు. అథ్లెట్లకి ఎక్కువ డబ్బిద్దామని పుట్టిన లీగ్ వాళ్లకే బాకీ పడింది.

పథకంలో ఎక్కడ తప్పిందంటే, ఆటగాళ్ల వైపు లెక్క సరిచేశాడు, చూసేవాళ్ల వైపు లెక్క ముట్టుకోలేదు. స్టార్లు వచ్చారు, కానీ ఆ మీట్‌లో గెలిస్తే దక్కే పేరుకి ఇంకా బరువు రాలేదు. బరువు రావడానికి ఏళ్లు పడుతుంది, చాంప్స్‌కి నూరేళ్లు పట్టింది. జాన్సన్ మాత్రం మొదటి ఏడాదే కోటీ 26 లక్షల డాలర్ల ప్రైజ్‌మనీ ప్రకటించాడు. ఇదేం కొత్త కాదు. 1973 నుంచి 1976 వరకు అమెరికాలో ఇంటర్నేషనల్ ట్రాక్ అసోసియేషన్ అని ఒక ప్రొఫెషనల్ టూర్ నడిచింది, జిమ్ రయన్, కిప్ కెయినో, లీ ఎవాన్స్ లాంటి పెద్ద తలకాయలే చేరాయి. అప్పట్లో డబ్బు తీసుకుంటే ఒలింపిక్స్‌కి అర్హత పోయేది, అంటే ఆ పరుగుల్లోంచి ఒలింపిక్ ఆశ అనే ముఖ్యమైన పందేన్నే తీసేసి పరుగులు అమ్మబోయారు. మూడేళ్లకి మూతపడింది. 2017లో మెల్‌బోర్న్‌లో బోల్ట్‌నే పెట్టి నైట్రో అథ్లెటిక్స్ అని జట్ల పోటీ చేశారు, మూడు రాత్రులు సరదాగా గడిచాయి, మళ్లీ జరగలేదు. బోల్ట్ జట్టు గెలిచిందన్న సంగతి అతని అభిమానులకైనా గుర్తుందో లేదో.

ఉత్కంఠ లేదు కదా అని నిబంధనలు మార్చి ఉత్కంఠ పుట్టించాలని చూసినవాళ్లూ ఉన్నారు. డైమండ్ లీగ్ 2021లో లాంగ్‌జంప్, ట్రిపుల్ జంప్, త్రోలలో ఓ పద్ధతి తెచ్చింది: ఐదు రౌండ్ల తర్వాత మొదటి ముగ్గురే మిగులుతారు, ఆరో ప్రయత్నంలో ఎవరు ముందుంటే వాళ్లే విజేత. ఐదో రౌండ్ దాకా అందరికన్నా దూరం విసిరినవాడు చివరి ప్రయత్నం ఫౌల్ అయితే ఓడిపోతాడన్నమాట. అథ్లెట్లు మండిపడ్డారు, తర్వాత ఎత్తేశారు. లాంగ్‌జంప్‌లో దూకేముందు కాలు మోపే పలక తీసేసి వెడల్పాటి టేకాఫ్ జోన్ పెట్టి, కాలు ఎక్కడినుంచి లేస్తే అక్కడినుంచే కొలుద్దామని 2024లో ఇంకో ఆలోచన వచ్చింది. ఫౌల్స్ మరీ ఎక్కువై జనానికి విసుగొస్తోందన్నది వాళ్ల బాధ. ఒలింపిక్ ఛాంపియన్ టెంటోగ్లూ అలా చేస్తే లాంగ్‌జంప్ మానేస్తానన్నాడు. నాకు ఇక్కడ ఆటగాళ్ల మాటే సబబు అనిపిస్తుంది. ఆ పలక అంచు దగ్గరే కదా ఆట అంతా ఉంది. బొటనవేలు అంగుళం ముందుకి పడితే మొత్తం పోతుందన్న భయాన్ని తీసేస్తే మిగిలేది ఇసుకలోకి దూకడమే. ఓటమికి విలువ తేవడం వేరు, మెరుగ్గా ఆడినవాణ్ణి లాటరీలో ఓడించడం వేరు.

మరి జనం అసలే రావట్లేదా అంటే, వస్తున్నారు. 2025 జూలైలో లండన్ డైమండ్ లీగ్‌కి 60,000 మంది వచ్చారు. టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి తొమ్మిది రోజుల్లో 6 లక్షలు దాటారు. జ్యూరిక్‌వాళ్లు షాట్‌పుట్‌ని రైల్వే స్టేషన్ హాల్లోకే తెచ్చేశారు, రైలు కోసం వచ్చినవాడు పది అడుగుల దూరంలో ఇనప గుండు నేలని గుద్దడం చూస్తాడు. ఆ చప్పుడు టీవీలో ఎప్పటికీ రాదు. న్యూయార్క్‌లో ఆడవాళ్లకి మాత్రమే పెట్టిన అథ్లోస్ మీట్ 2025లో లాంగ్‌జంప్‌ని టైమ్స్ స్క్వేర్‌లో జరిపింది. నీరజ్ చోప్రా పేరు మీద అదే ఏడాది బెంగళూరులో జరిగిన మీట్‌లో ఉన్నది జావెలిన్ ఒక్కటే. ఒక్క ఈవెంట్ కోసం జనం టికెట్లు కొని, ఒక్కో విసురుకీ ఎన్ని మీటర్లు దాటాలో లెక్కలు వేసుకుంటూ కూర్చున్నారు, ఎందుకంటే వాళ్ల మనిషి ఓడితే వాళ్లకి నొప్పి. ఫీల్డ్ ఈవెంట్లు ఎవరికీ అర్థం కావు అనే మాట నేను అప్పట్నుంచి నమ్మడం మానేశాను.

వీటన్నిటిలో ఓ పోలిక ఉంది. లండన్, జ్యూరిక్ మీట్లు డైమండ్ లీగ్‌లోవే అయినా, వచ్చే జనానికి అన్నీ పండగలే, లీగ్ కాదు. చాలావరకు ఆ ఊరికి సొంతమైనవి. కాబట్టి ముప్పై ఊళ్లలో ఒకేలాంటి మీట్లు పెట్టడం కన్నా, ఆరేడు పాతుకుపోయిన మీట్లకి ఒక్కోదానికి ఒక్కో గుర్తింపు ఇవ్వడం మేలని నాకనిపిస్తుంది: ఇక్కడ మైలు, అక్కడ జావెలిన్, ఇంకోచోట హర్డిల్స్, ఆ ఈవెంట్‌కి ఆ ఏడాది పట్టాభిషేకం అక్కడే. మారథాన్లు ఆ పని ఎప్పుడో చేశాయి. 2025 లండన్ మారథాన్‌ని 56 వేలమందికి పైగా పూర్తి చేశారు, మరుసటి ఏడాదికి 11 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఆ పదకొండు లక్షల మందీ రన్నర్లే, అయినా వాళ్లలో ఎంతమంది 5000 మీటర్ల రేస్ చూస్తారు? అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత అథ్లెటిక్స్ కోసమే పుట్టినట్టుంది.

డోపింగ్ గురించి ఒక్క మాట, చెప్పకపోతే బాగోదు. 2012 లండన్ మహిళల 1500 మీటర్లలో మొదటి రెండు స్థానాల్లో వచ్చిన ఇద్దరినీ తర్వాత తప్పించారు. స్టేడియంలో కూర్చుని ఆ ఫలితానికి సంబరపడ్డవాడికి, ఏడ్చినవాడికి అది ఎప్పటికీ తిరిగి రాదు. ఓటమి నిజమో కాదో తెలియని చోట నొప్పి ఎలా పడతారు?

2025 ఆగస్టులో అమెరికా ఛాంపియన్‌షిప్స్ 200 మీటర్ల ఫైనల్ జరిగింది. నోవా లైల్స్ గీత దాటబోతూ పక్కనున్న కెన్నీ బెడ్నరెక్ వైపు తిరిగి గుచ్చి చూశాడు, దాటాక బెడ్నరెక్ వెనకనుంచి వచ్చి అతణ్ణి తోశాడు. మర్యాద కాదని చాలామంది అన్నారు. ఆ వీడియో ఎన్ని ఫోన్లలో తిరిగిందో చూశాక, ఇద్దరిలో ఎవరు తప్పని స్నేహితులతో నేను కూడా గంటసేపు వాదించాక, లైల్స్ 19.63లో గెలిచాడన్న అంకె మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది నాకు. ఇప్పుడు వరల్డ్ అథ్లెటిక్స్ అల్టిమేట్ ఛాంపియన్‌షిప్ అని కొత్తది పెట్టింది, 2026 సెప్టెంబర్ 11 నుంచి 13 దాకా బుడాపెస్ట్‌లో, మూడు సాయంత్రాలు, హీట్స్ (తొలి రౌండ్లు) లేవు, మొత్తం కోటి డాలర్లు, విజేతకి లక్షన్నర. లక్షన్నర ఎవరు తీసుకెళ్తారన్నది నాకంత ముఖ్యం కాదు. రెండో స్థానంలో వచ్చినవాడు గీత దాటాక ఏం చేస్తాడో, కెమెరా అతని మీద ఎంతసేపు ఉంచుతారో, అది చూస్తాను.